చివరి ఖాళీ పేజీలు

పోయినవారం మీరు నన్ను అక్క వాళ్ళ ఇంటి గుమ్మంలో, ఒక చెప్పు విప్పి ఒక చెప్పు విప్పకుండా వదిలేసి వెళ్ళిపోయారు. ఈ వారమంతా మీకు బోలెడు పనులుండి ఉంటాయి. నేను మాత్రం అక్కడే నిలబడి ఉన్నాను.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. నేను ఒక ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేసి రిటైరైన మనిషిని. ఆఫీసులో నా వెనకాల అందరూ కత్తెర అనేవాళ్ళు, ఎదురుగా వస్తే కత్తెరమ్మగారూ అనేవాళ్ళు. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, రచయిత్రి. ఆవిడ రాసిన 'లోపలి కుట్టు' నవల పేరు వినని పాఠకులు ఉండరు. దానికి ఎడిటర్‌ని నేను. ఆ సంగతి తెలిసినవాళ్ళు మాత్రం అక్క ఇంటి బయట ఎవరూ లేరు. నవల చరిత్రలో ఆడ సంపాదకుల గురించీ ఆడ విమర్శకుల గురించీ పుస్తకం రాస్తున్న ఒక అమ్మాయి నన్ను ఎక్కడినుంచో వెతికి పట్టుకుని, అక్కనీ నన్నూ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తానంది. నేను పెళ్ళివారింటికి బయల్దేరినట్టు ముస్తాబై వచ్చాను. గుమ్మం దగ్గర అక్క కూతురు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పిన్నీ, అమ్మకి మతిమరుపు మొదలైంది. బయట ఎవరికీ తెలీదు, అమ్మకి కూడా సరిగ్గా తెలీదు. ఇవాళ అమ్మ ఏమన్నా కాదనకు. నీకు దణ్ణం పెడతా."

రెండో చెప్పు కూడా విప్పి లోపలికి నడిచాను.

ఏడాదిగా అక్క నా ఫోను ఎత్తడం లేదు. ఎప్పుడు చేసినా కూతురే ఎత్తి, అమ్మ పడుకుందనేది. నామీద కోపం వచ్చిందనుకున్నాను. ఏం తప్పు చేశానా అని పాత మాటలన్నీ తవ్వుకుని, దొరికిన ప్రతిదానికీ మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇలాంటి పనులకు తీరిక ఎక్కువ. తీరా చూస్తే అది కోపం కాదట. కోపమైతే ఎంత బాగుండేదో అనిపించింది ఆ వసారా దాటుతుంటే. కోపమున్న మనిషికి కనీసం మనం గుర్తుంటాం.

అక్క కిటికీ పక్కన పేము కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించేశారు. ఒళ్ళో శాలువా, దానిమీద రెండు చేతులూ బుద్ధిగా పెట్టుకుని ఉంది. నన్ను చూడగానే కనుబొమలు పైకి లేచాయి.

"వచ్చావా కత్తెరా? ఇన్నాళ్ళకి దారి తెలిసిందా? నేను పోయాక వచ్చి దండ వేద్దామనుకున్నావేమో!"

నా ప్రాణం లేచి వచ్చింది. గుర్తుపట్టడమే కాదు, ఎప్పటిలాగే దెప్పింది కూడా. అక్క కూతురు పళ్ళ డాక్టరు, పుచ్చుపన్ను కనిపిస్తే దవడంతా పోయిందని భయపెట్టడం ఆ పిల్లకి అలవాటు, ఇదీ అలాంటిదే అయ్యుంటుందని గబగబా సర్దిచెప్పుకున్నాను. వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుంటే వదిలించుకోలేదు.

ఎదురుగా ఉన్న అమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది. నాకోసం ఎవరూ లేచి నిలబడే అలవాటు లేదు కనుక, వెళ్ళిపోతోందేమో అనుకున్నాను. అగ్గిపెట్టె అంత రికార్డరు బల్లమీద పెట్టి ఉంది, దానిమీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది.

"మీకోసం ఎంత వెతికానో తెలుసా మేడం? మీ సంస్థలో అడిగితే, అలాంటావిడ ఎవరూ ఇక్కడ పనిచెయ్యలేదన్నారు."

"వాళ్ళ తప్పేం లేదమ్మా. పుస్తకంలో అచ్చేసినవాళ్ళ పేరుంటుంది. బొమ్మ వేసినతని పేరుంటుంది. ఒక్కోసారి బైండింగు చేసినతని పేరు కూడా వేస్తారు. ఎడిటర్ పేరు ఎక్కడుంటుంది?"

"ఎందుకు వెయ్యరు?"

"వేస్తే, రచయితకి రాయడం రాదేమో అనుకుంటారని మా యజమాని భయం. రచయితలకీ అదే భయం."

"నాకేం భయం లేదే," అంది అక్క. "నువ్వే వద్దన్నావు."

నిజమే. నేనే వద్దన్నాను. అప్పట్లో అది పెద్ద గొప్పగా ఉండేది నాకు. ఆ గొప్పతో ఇన్నేళ్ళు ఒక గదిలో ఒక్కదాన్నే కాపురం చేశాను.

అమ్మాయి మాటల్లో పడింది. ఒక దినపత్రిక ఆదివారం పేజీలో సమీక్షలు రాస్తుందట. "ఆ పేజీలో నేను రాస్తే, అమ్మాయి శ్రద్ధగా చదివింది అంటారు మేడం. పక్క కాలమ్‌లో ఆయన రాస్తే, విమర్శ అదరగొట్టాడు అంటారు. చరిత్ర పుస్తకాలూ అంతే. నవల రాసిన ఆడవాళ్ళ గురించి ఆఖర్లో నాలుగు పేజీలైనా ఇస్తారు. ఏది అచ్చవ్వాలో తేల్చినవాళ్ళూ, ఏది ఎలా మారాలో చెప్పినవాళ్ళూ, ఇది మంచి నవల అని మొదట నోరు తెరిచి అన్నవాళ్ళూ ఎక్కడా కనిపించరు. నవలలన్నీ వాటంతటవే చెట్టుకి కాసినట్టు రాశారు."

"టీచరమ్మ గురించి రాస్తున్నావా లేదా?" అని అడిగింది అక్క.

అమ్మాయి కళ్ళు మెరిశాయి. "ఆవిడతోనే మొదలుపెడుతున్నానమ్మా."

టీచరమ్మ పిల్లల బడిలో లెక్కలు చెప్పేది. ఒక మాసపత్రికకి పొడి అక్షరాల పేరుతో సమీక్షలు పంపేది. లోకమంతా మగాడనుకుంది. పాఠకులు అయ్యా అని సంబోధిస్తూ రాసేవాళ్ళు. 'లోపలి కుట్టు' వచ్చిన కొత్తల్లో పెద్ద విమర్శకులందరూ, దీనికి ముగింపేదీ, కుట్టు మధ్యలో దారం తెగిందా అని వేళాకోళం చేస్తే, ఈవిడ ఒక్కతే ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుంది.

"ఒకాయన ఆవిడకి ఏం రాశాడో తెలుసా?" అక్క నవ్వు ఆపుకోలేకపోతోంది. "మీ పదును చూస్తే మీతో కూర్చుని చుట్ట కాలుస్తూ సాహిత్యం మాట్లాడుకోవాలనుంది అని రాశాడు. పాపం టీచరమ్మకి పొగ వాసన వస్తేనే తలనొప్పి!"

అందరం నవ్వాం. వంటగదిలోనుంచి కూతురు కూడా నవ్వింది. అక్క చెప్పిన ప్రతి వివరమూ సరిగ్గా ఉంది. ఆ క్షణంలో నేను అక్క కూతుర్ని మనసులో బాగా తిట్టుకున్నాను.

నవల చదవనివాళ్ళు ఎవరైనా ఉంటే, దాని కథ ఇది. ఒక దర్జీ, అతని భార్య. ముందుగదిలో అతను కొలతలు తీస్తాడు, బేరాలాడతాడు, పేరు తెచ్చుకుంటాడు. వెనకగదిలో ఆమె కుడుతుంది. చివరి పేజీలో ఒక పెద్దమనిషి కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుని, చేతుల దగ్గర కుట్టు తిరగేసి చూసి, "ఇంత పనితనమా! ఎవరు కుట్టారు?" అని అడుగుతాడు. దర్జీ నోరు తెరుస్తాడు. నవల అక్కడితో అయిపోతుంది. దర్జీ ఏమన్నాడో ఎవరికీ తెలీదు. దానిమీద ఎన్ని వాదనలు జరిగాయో, ఎన్ని కాలేజీల్లో పరీక్షల్లో ప్రశ్నగా ఇచ్చారో లెక్కలేదు. జవాబు రచయిత్రి చెప్పాల్సింది కాదు, చదివేవాళ్ళు సిగ్గుపడి చెప్పుకోవాల్సింది అని టీచరమ్మ రాసిన ఒక్క మాటతో గాలి తిరిగింది.

అమ్మాయి ముందుకు వంగింది. "అమ్మా, ఈ నవలకి మేడం చేసిన పని ఏమిటో ఒక్కటంటే ఒక్కటి చెప్పండి. మేడం అధ్యాయం దాంతోనే మొదలుపెడతాను."

నేను తల దించుకుని శాలువా కుచ్చులు చూస్తూ కూర్చున్నాను. సిగ్గు అనుకునేరు. కాదు. ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని నా ఉద్యోగమంతా ఎదురుచూశాను. జవాబు చెప్పగలిగింది అక్క ఒక్కతే.

అక్క మొదట నా దగ్గరికి తెచ్చిన రాతప్రతిలో భార్య లేదు. అంటే, ఉంది. ఒకచోట తెర పక్కకి జరిపి టీ గ్లాసు అందిస్తుంది, తెర పడిపోతుంది. మిగతాదంతా దర్జీ గొప్ప. అది చదివి, ఆ తెర దగ్గర మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాశాను. 'ఈమె లోపల ఏం చేస్తోంది?' అంతే. అక్కకి ఒళ్ళు మండింది. నా నవల నీకు అర్థం కాలేదని కాగితాలు లాక్కుని వెళ్ళిపోయింది. వర్షాకాలమంతా మాటల్లేవు. ఆ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం వచ్చి కొత్త కాగితాల కట్ట నా బల్లమీద ధబీమని పెట్టింది. మొదటి వాక్యం వెనకగదిలో మొదలైంది.

ఆ ప్రశ్న ఇప్పుడు ఎక్కడా లేదు. రచయిత ఒప్పుకున్నాక నా పెన్సిల్ రాతలన్నీ రబ్బరుతో తుడిచేసి కంపోజింగుకి పంపడం నా పద్ధతి. ఆ పద్ధతి ఊరికే రాలేదు. చేరిన కొత్తలో ఒక ప్రేమ నవల ప్రూఫు తుడవకుండా పంపాను. కంపోజిటరు పాపం కనిపించిందల్లా కూర్చేశాడు. నాయిక నాయకుడి గుండెలమీద వాలిపోయి, "ఇక్కడ ఏడుపు సగానికి తగ్గించండి" అన్నట్టుగా పుస్తకం బజారులోకి వెళ్ళింది. ఆ రచయిత కనిపించినప్పుడల్లా నేను గోడౌన్‌లో దాక్కునేదాన్ని. అప్పట్నుంచి మచ్చ మిగలకుండా తుడవడం నేర్చుకున్నాను. నా పనితనానికి గుర్తు ఏమిటంటే, నేను అక్కడ పనిచేసినట్టు ఏ గుర్తూ ఉండకపోవడం.

మరి నువ్వే చెప్పుకోవచ్చు కదా అంటారు. చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? మనుషులు పెద్దయ్యాక ఎవరి పెళ్ళో తామే కుదిర్చామనీ, ఎవరికో ఉద్యోగం తామే వేయించామనీ చెప్పుకుంటూ ఉంటారు. నేనూ వాళ్ళలో కలిసిపోయేదాన్ని. అక్క నోట రావాలి. అక్కకి ఆ వర్షాకాలం గుర్తుండే ఉంటుంది.

"చెప్పక్కా," అన్నాను, నన్ను నేను ఆపుకోలేక.

అక్క నావైపు తిరిగింది. చాలాసేపు చూసింది. నా చేతిలోనుంచి తన చెయ్యి తీసేసుకుంది.

"కోసింది," అంది.

అమ్మాయి నవ్వింది. "కత్తెరమ్మ అని ఊరికే అన్నారా మరి!"

"నవ్వకమ్మాయ్. నా ఆఖరి అధ్యాయం కోసేసింది. దర్జీ ఏమన్నాడో నేను రాశాను. మొత్తం రాశాను. ఇది ఎత్తేసింది."

నాకు మొదట అర్థం కాలేదు. బల్లమీద ఎర్ర దీపం అలాగే వెలుగుతోంది.

నవల అక్కడ ఆగాలని పట్టుబట్టింది అక్కే. మా యజమాని ముగింపు రాయమని బతిమాలితే, నచ్చకపోతే చింపి పొయ్యిలో పెట్టుకోండి అని లేచి వచ్చింది. ఆ దమ్ము అక్కది. ఆ ఆలోచన అక్కది. ఇవాళ దాన్ని తీసుకొచ్చి నా నెత్తిన రుద్దుతోంది, అదీ నేరంగా.

గుమ్మంలో కూతురు బతిమాలిన మాట ఆ నిమిషంలో నాకు గుర్తులేదు. ఒట్టు. రోషం ముందుకొచ్చింది.

"లేదక్కా. ఆఖరి అధ్యాయం అంటూ ఏదీ లేదు. నువ్వు రాసిందే అక్కడితో ఆగింది. నా సర్వీసులో రచయితని అడక్కుండా ఒక్క కామా తీసినదాన్ని కాదు నేను. ఆ సంగతి నీకంటే ఎవరికి తెలుసు?"

అమ్మాయి మొహంలో నవ్వు పోయింది. సంచిలోనుంచి జాగ్రత్తగా ఒక పాత పుస్తకం తీసింది. మొదటి ముద్రణ. అట్ట అంచులు చెదలు తిన్నాయి. చివరి పేజీ తెరిచి బల్లమీద పెట్టి, తర్వాతి కాగితాలు ఒక్కొక్కటీ తిప్పింది. అన్నీ తెల్లగా ఉన్నాయి.

"తప్పుగా అనుకోకండి మేడం. ఈ ఖాళీ పేజీలు నన్ను ఎప్పట్నుంచో తొలుస్తున్నాయి. తర్వాతి ముద్రణల్లో ఇవి లేవు. అమ్మగారు చెబుతుంటే ఇప్పుడు అర్థమవుతోంది. అధ్యాయం ఇక్కడే ఉండాలి కదా?"

"అయ్యో పిచ్చిపిల్లా," అన్నాను. "పుస్తకాన్ని ఒక్కో పేజీగా అచ్చెయ్యరమ్మా. ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు పడతాయి. దాన్ని ఫారం అంటాం. నవల ఆఖరి ఫారం మొదట్లోనే అయిపోయింది. మిగిలిన పేజీలు ఏదో ఒకటి అవ్వాలిగా? మా యజమాని జుట్టు రాలకుండా చిట్కాల పుస్తకానికీ, ఇంగ్లీషు త్వరగా నేర్చుకునే పుస్తకానికీ ప్రకటనలు వేద్దామన్నాడు. నేను పోట్లాడి ఖాళీగా ఉంచాను. ఎవరు కుట్టారు అనే ప్రశ్న చదివిన మనిషి పేజీ తిప్పగానే జుట్టు మందు కనపడకూడదని. కాసేపు తెల్లకాగితం చూస్తూ కూర్చోవాలని. అంతకంటే ఏం లేదు."

ఈ భూమ్మీద నాదని వేలు పెట్టి చూపించగలిగింది ఆ ఖాళీ ఒక్కటే.

"చూశావా అమ్మాయ్, ఎంత కమ్మగా అల్లుతోందో!" అక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఖాళీ ఎందుకొస్తుంది? ఉన్నది తీసేస్తే వస్తుంది. టీచరమ్మ కూడా పాపం మోసపోయింది. ఆవిడ మెచ్చుకుంది కదా అని నేను నోరు మూసుకున్నాను. ఎన్నాళ్ళు మూసుకోను?"

"అక్కా, ఒక్కసారి గుర్తు తెచ్చుకో. మా యజమాని గదిలో..."

వంటగది గుమ్మంలో ట్రే గట్టిగా చప్పుడైంది. కూతురు టీ కప్పులతో నిలబడి నన్నే చూస్తోంది. అప్పుడు నాలుక కరుచుకున్నాను. ఆలస్యమైపోయింది.

గుర్తు తెచ్చుకో అన్న మాట దగ్గర అక్క ఆగిపోయింది. నన్ను చూసింది. కూతుర్ని చూసింది. మళ్ళీ నన్ను చూసింది. శాలువా మీద చేతులు ఏదో పోగొట్టుకున్నట్టు తడుముకోవడం మొదలుపెట్టాయి.

"అంటే... నేను రాయలేదంటావా?"

నేను కూతురివైపు చూశాను.

"నాకు కనిపిస్తోందే. కాగితాలు కనిపిస్తున్నాయి. దర్జీ మాట్లాడుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. లేనిది ఎలా కనిపిస్తుంది?" కూతురివైపు తిరిగింది. గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "అమ్మలూ, మొన్న నువ్వు కూడా ఇలాగే అన్నావు కదూ? నేను స్నానం చెయ్యలేదంటే, చేశావమ్మా అన్నావు. నాకేమవుతోందే? నిజం చెప్పు. నాకేమైనా అవుతోందా?"

"ఏం లేదమ్మా. ఒక్క నిమిషం, టీ తాగు," అంది కూతురు, కుర్చీలో నోరు తెరిచి పడుకున్న పేషెంట్లతో మాట్లాడే గొంతుతో. ఆ గొంతు విని అక్క ఇంకా బెదిరిపోయింది.

అక్కకి భయం వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. మొగుడు వదిలేసి వెళ్ళిన రోజున ఆఫీసుకొచ్చి ప్రూఫులు దిద్దుకుని వెళ్ళిన మనిషి. సభల్లో పెద్దపెద్దవాళ్ళు ఎగతాళి చేస్తుంటే ముందువరసలో కూర్చుని విసనకర్రతో విసురుకున్న మనిషి. ఆ మనిషి ఇప్పుడు తన తలలోనే ఎవరో దొంగ దూరాడేమో అన్నట్టు చుట్టూ చూస్తోంది. బల్లమీద యంత్రం అంతా వింటోంది. రేపు ఇది పుస్తకమవుతుంది. ఆవిడ మతి పోయిందట అని నాలుగు ఊళ్ళూ జాలి పడతాయి. ఆ జాలి అక్క తట్టుకోలేదు, అది నాకు తెలుసు.

రెండోవైపు ఏముంది? నేనున్నాను. నా పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఉన్నదల్లా ఒక్కటే, ఎవరి వాక్యాన్నీ దొంగచాటుగా ముట్టుకోలేదనే సంగతి. దాన్ని తలకింద పెట్టుకునే ఇన్నేళ్ళూ నిద్రపోయాను.

"కోశానక్కా," అన్నాను.

తడుముకుంటున్న చేతులు ఆగాయి.

"ఏమన్నావు?"

"నువ్వు చెప్పిందే నిజం. ఆఖరి అధ్యాయం నేనే తీసేశాను. ఇందాక ఒప్పుకోవడానికి సిగ్గేసి బుకాయించాను."

అమ్మాయి పుస్తకం మూసింది. "రచయిత్రిని అడక్కుండానా?"

"అడక్కుండానే."

"ఎందుకు మేడం?"

ఏం చెప్పాలి? నేనెప్పుడూ చెయ్యని పనికి కారణం వెతుక్కోవడం ఎంత కష్టమో మీకు తెలీదు. "బాగోలేదనిపించింది," అన్నాను. ఎడిటర్లు చెప్పే మాటల్లో ఇంతకంటే చెత్త మాట ఇంకోటి ఉండదు. ఈ మాట అన్న జూనియర్లని నేను గదిలోనుంచి పంపేసేదాన్ని.

అమ్మాయి నాకేసి చూడటం మానేసి రికార్డరు కేసి చూసింది. "నాకు చాలా బాధగా ఉంది. మగ సంపాదకులు ఆడవాళ్ళ రాతలని ఎలా నరికారో రెండు అధ్యాయాలు రాశాను. ఆడవాళ్ళు అలా చెయ్యరని చెప్పడానికి మీ దగ్గరికి వచ్చాను. కానీ విన్నాక రాయక తప్పదు మేడం."

"రాయమ్మా."

కూతురైనా అర్థం చేసుకుంటుందనుకున్నాను. కాదనకు అని దణ్ణం పెట్టింది తనే కదా. కళ్ళతోనైనా చిన్న సైగ చేస్తుందేమోనని తలెత్తాను. ఆ పిల్ల కప్పులు బల్లమీద పెట్టింది. అందరి ముందూ ఒక్కొక్కటి జరిపింది. నా కప్పు ట్రేలోనే ఉండిపోయింది.

"నిజంగానా పిన్నీ?" అంది. "అమ్మ ఇన్నేళ్ళూ ఇది కడుపులో పెట్టుకుని నీకు అన్నం పెట్టిందా?"

ఆ పిల్ల నమ్మేసింది. తల్లి మాటలు ఎన్ని తప్పిపోతున్నాయో రోజూ చూస్తున్న మనిషి, ఇది మాత్రం నిజమని నమ్మేసింది. ఎందుకు నమ్మదు? నేనే ఒప్పుకున్నాను కదా. ఆ గదిలో జరిగింది జరిగినట్టు తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే మిగిలాను. అక్కకి తెలియదు. టీచరమ్మ లేదు. మా యజమాని పోయి చాలా కాలమైంది. అంత ఒంటరితనం నాకు నా గదిలో కూడా ఎప్పుడూ అనిపించలేదు. ఏడుపొచ్చింది. మింగేశాను.

అక్క మాత్రం వెలిగిపోతోంది. బుగ్గల్లోకి రంగు వచ్చింది. "విన్నావా అమ్మలూ? నా బుర్ర దివ్యంగా ఉంది. నువ్వూ నీ మాత్రలూ! ఎప్పటి సంగతో ఎంత గుర్తుందో చూశావా?" టీ గడగడా తాగింది. తర్వాత నా వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. "పోనీలేవే. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి. తెలిసీ తెలియక చేసుంటావు. నేను క్షమించేశాను. ఏడవకు."

నేను చెయ్యని తప్పుకి నాకు క్షమాపణ దొరికింది. ఏడాదిగా మనసులో నేను చెప్పుకున్న క్షమాపణలన్నిటికీ ఇదేనేమో జవాబు అనుకుని, ఆ చెయ్యి బరువు నా వీపు మీద ఉన్నంతసేపూ కదలకుండా కూర్చున్నాను. ఇక లేచి వెళ్ళిపోదాం, గదికి పోయి తలుపు వేసుకుందాం అనుకుంటున్నాను. అప్పుడు అక్క అంది.

"అయినా నువ్వు కాగితం ముక్క కూడా పారేసే రకం కాదుగా. దాచే ఉంటావు. ఎక్కడుంది?"

అమ్మాయి ఉలిక్కిపడింది. "ఉందా మేడం? ఆ అధ్యాయం మీ దగ్గర ఉందా?"

లేదు అంటే అయిపోయేది. పారేశాను, కాలిపోయింది, చెదలు తినేశాయి, ఏదైనా అనొచ్చు. కానీ అక్క నా మొహంలోకి చూస్తోంది. ఇందాకటి భయం ఇంకా పూర్తిగా పోలేదు, కంటి కొసల్లో కాచుకుని ఉంది. లేదంటే మళ్ళీ ముందుకొస్తుంది.

"ఉంది," అన్నాను.

"అమ్మా! కొత్త ముద్రణ ప్రెస్సుకి వెళ్ళబోతోంది కదా?" అమ్మాయి లేచి నిలబడింది, ఈసారి నాకోసం కాదు. "నేను ఇప్పుడే మీ ప్రచురణకర్తలతో మాట్లాడతాను. ఆగమంటాను. మేడం, రేపు తీసుకొస్తారా? రేపు నేను వాళ్ళని కూడా ఇక్కడికి తీసుకొస్తాను." ఫోను పట్టుకుని వసారాలోకి పరుగెత్తింది. ఆ మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. దొరికింది సార్, ఆఖరి అధ్యాయం, అవును సార్, చేతిరాత ప్రతే అయ్యుంటుంది.

ఇతరుల వాక్యాలు దిద్దడం తప్ప, నా అంతట నేను ఒక్క కథ రాసి ఎరగను. రాయాలని ఎప్పుడూ అనిపించలేదని మీతో ఇదివరకు ఒక భాగంలో అన్నాను. అది పూర్తి నిజం కాదు.

అక్క నన్ను దగ్గరికి వంగమని సైగ చేసింది. కూతురు కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళేదాకా ఆగి, నా చెవిలో గుసగుసగా అడిగింది.

"ఆ దర్జీ ఏమన్నాడే? అంతా గుర్తుంది. అదొక్కటే రావడం లేదు. వాళ్ళ ముందు అడిగితే బాగుండదని ఆగాను. నువ్వు చదివావుగా. ఎవరు కుట్టారన్నాడు?"

"రేపు చదివి వినిపిస్తానక్కా," అన్నాను.